మళ్ళీ మళ్ళీ ఆ డిటెక్టివే ఎందుకు?



పోయిన నెల గోడ పత్రికలో పదో తరగతి అక్కలు మలేరియా గురించి బొమ్మలు వేసి బాగా రాశారు. ఈ నెల నా వంతు వచ్చింది. నేను డిటెక్టివ్ పుస్తకాల గురించి రాస్తున్నాను. ఎవరూ నవ్వవద్దు, పూర్తిగా చదివి అప్పుడు నవ్వండి.

మన లైబ్రరీ బీరువాలో షెర్లాక్ హోమ్స్ కథలు తెలుగులో మూడు పుస్తకాలు ఉన్నాయి. అందులో ఒకదాని మొదటి పేజీలో ఎవరో పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసిపెట్టారు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు, హోమ్స్‌ని పిలిస్తే తప్ప తెలిసేలా లేదు. కాని విచిత్రం ఏమిటంటే, లైబ్రరీ రిజిస్టర్‌లో ఎక్కువ సార్లు రాసి ఉన్నది ఆ పుస్తకమే. తీసుకున్నవాళ్ళే మళ్ళీ తీసుకున్నారు. మా డార్మిటరీలో నన్ను కూడా అడుగుతారు, "చంపినోడు ఎవడో తెలిసిపోయింది గదే, ఇంకా ఏముందని చదువుతున్నవ్?" అని. ఈ ప్రశ్నకి జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను.

డిటెక్టివ్ పుస్తకాలు రెండు రకాలుగా ఉంటాయని నాకు అనిపిస్తుంది. ఒక రకం పొడుపు కథ లాంటిది. విప్పేదాకా మనకి నిద్ర పట్టదు, విప్పాక దాంతో పని ఉండదు. రెండో రకంలో కూడా పొడుపు కథ ఉంటుంది గాని, దాన్ని విప్పే మనిషి ముఖ్యం. ఆ మనిషి ఒక పుస్తకంతో అయిపోడు. ఇంకో పుస్తకంలో ఇంకో కేసుతో మళ్ళీ వస్తాడు. అదే ఇల్లు, అదే స్నేహితుడు, అవే చెడ్డ అలవాట్లు. వాటినే సిరీస్ అంటారు. హోమ్స్ పుస్తకాలు ఈ రెండో రకం.

హోమ్స్ ఎవరో తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. లండన్ పట్టణంలో బేకర్ స్ట్రీట్ అనే వీధి, 221బి నంబరు ఇల్లు. ఇంటి ఓనరు మిసెస్ హడ్సన్. మేడ మీద గదుల్లో హోమ్స్, డాక్టర్ వాట్సన్ అద్దెకు ఉంటారు. వాట్సన్ అఫ్ఘానిస్తాన్ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనిక డాక్టరు. కథలు దాదాపు అన్నీ అతనే చెబుతాడు. హోమ్స్ పొడుగ్గా, సన్నగా ఉంటాడు, వయొలిన్ వాయిస్తాడు. మనిషి బూట్లు, చేతులు, బట్టల మీద మరకలు చూసి ఎక్కడి నుంచి వచ్చాడో, ఏం పని చేస్తాడో చెప్పేస్తాడు. ఇన్ని తెలిసినవాడికి భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని తెలియదు! మొదటి పుస్తకంలోనే ఉంది ఈ సంగతి. మన ఆరో తరగతి చెల్లెళ్ళని అడిగినా చెబుతారు.

ఇంకా చూడండి. పొగాకుని చెప్పు ముందు భాగంలో దాచుకుంటాడు. జవాబు రాయాల్సిన ఉత్తరాలని కత్తితో పొడిచి చెక్కకి గుచ్చుతాడు. ఒక రోజు తోచక కుర్చీలో కూర్చుని పిస్తోలుతో ఎదురు గోడ మీద రాణి విక్టోరియా పేరు పొడి అక్షరాలు కాల్చాడు. మనం గోడకి ఒక మేకు కొడితేనే ప్రేయర్‌లో నిలబెడతారు. పాపం మిసెస్ హడ్సన్.

ఇవేవీ హంతకుడిని పట్టుకోవడానికి పనికి వచ్చే విషయాలు కావు. కాని కథ మర్చిపోయాక నాకు గుర్తున్నవి ఇవే.

ఈ కథలు రాసిన ఆయన ఆర్థర్ కోనన్ డాయల్. ఆయన కూడా డాక్టరే. ఎడిన్‌బరోలో వైద్యం చదివేటప్పుడు జోసెఫ్ బెల్ అనే గురువు ఉండేవారు, రోగి నోరు తెరవకముందే అతని గురించి చెప్పేసేవారట. ఆయనని చూసే హోమ్స్‌ని తయారు చేశారు. మొదటి నవల 1887లో వచ్చింది. దాని హక్కులన్నిటికీ కలిపి 25 పౌండ్లు ఇచ్చారు, అంతే. పెద్దగా పేరు కూడా రాలేదు. పేరు 1891 నుంచి, స్ట్రాండ్ అనే పత్రికలో చిన్న కథలు మొదలయ్యాక వచ్చింది. అక్కడ డాయల్ గారు ఒక తెలివైన ఆలోచన చేశారు. అప్పట్లో పత్రికల్లో సీరియళ్ళు వచ్చేవి. ఒక నెల పత్రిక దొరక్కపోతే కథ తెగిపోతుంది, ఇక చదవబుద్ధి కాదు. అలా కాకుండా ప్రతి నెలా కథ పూర్తి కావాలి, కాని మనిషి మాత్రం అతనే రావాలి. ఒక నెల తప్పినా నష్టం లేదు, కథ అయిపోయినా మనిషి అయిపోడు. నాకు ఇది మన ఊరి సంత లాగా అనిపించింది. ఒక వారం వెళ్ళకపోయినా పై వారం అదే చెట్టు కింద అదే గాజుల ఆవిడ కూర్చుని ఉంటుంది, "పోయిన వారం రాలేదేం బిడ్డా" అంటుంది.

ఇప్పుడు నా సొంత సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. మా అమ్మ, నాయన బడికి పోలేదు. నాకు తెలుగు ఇక్కడికి వచ్చాక వచ్చిన భాష. ఇక్కడ చాలామందికి అంతే గనక మీకు తెలుసు. తెలుగు వాచకంలో ప్రతి పాఠానికి కొత్త మనుషులు, కొత్త ఊరు, కొత్త మాటలు. వాళ్ళెవరో తెలుసుకునేలోపు పాఠం అయిపోయి ప్రశ్నలు వస్తాయి. పైవారం ఇంకొకళ్ళు. ఎప్పుడూ తెలియని ఇంటికి చుట్టంగా పోయినట్టే ఉంటుంది, ఎక్కడ కూర్చోవాలో తెలియదు.

హోమ్స్ మొదటి కథ చదవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. రెండోది రెండు ఆదివారాలు. నాలుగో కథ ఒక్క స్టడీ అవర్‌లో అయిపోయింది. అంతలోనే నా తెలుగు అంత పెరగలేదు కదా! ఇల్లు తెలిసింది, మెట్లు తెలిశాయి, వాట్సన్ తెలిశాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు అవుతుంది, ఎవరో కష్టంలో ఉన్నవాళ్ళు వస్తారు, హోమ్స్ కూర్చోమంటాడు. ఇంతవరకు నాకు ముందే తెలుసు గనక తెలియని మాటల మీద మాత్రమే బలం పెట్టాను. కొత్తగా చదవడం నేర్చుకునేవాళ్ళకి సిరీస్ పుస్తకాలు ఇందుకు మంచివని నా అభిప్రాయం. వార్డెన్ మేడం గారు ఈ పేరా దయచేసి రెండుసార్లు చదవాలని మనవి.

వాట్సన్ వల్ల ఇంకో ఉపకారం ఉంది. హోమ్స్ ఏదో చూసి "అర్థమైంది" అంటాడు. మనకి ఏమీ అర్థం కాదు. క్లాసులో అయితే అర్థం కాకపోయినా తల ఊపుతాం, లేచి అడగాలంటే సిగ్గు. వాట్సన్ సిగ్గుపడడు. "అది నీకెలా తెలిసింది?" అని ప్రతిసారీ అడుగుతాడు. అతను పెద్ద డాక్టరు, అయినా అడుగుతాడు. హోమ్స్ ఒక్కొక్కటి విప్పి చెబుతాడు. నా బదులు అతను లేచి నిలబడుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు రుజువు చూపిస్తాను. "మచ్చల పట్టీ" అని ఒక కథ ఉంది, ఇంగ్లీషులో ది స్పెకిల్డ్ బ్యాండ్ అంటారు. 1892లో వచ్చింది. ఆ కథ చదవనివాళ్ళు, రహస్యం తెలియడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడి నుంచి రెండు పేరాలు వదిలేసి మా అమ్మ గురించి రాసిన పేరా దగ్గరికి వెళ్ళండి.

హెలెన్ అనే ఆమె పొద్దున్నే వణుకుతూ వస్తుంది. చలికి కాదు, భయానికి. ఆమె కవల అక్క రెండేళ్ళ కింద పెళ్ళికి కొద్ది రోజుల ముందు ఒక రాత్రి చనిపోయింది. ఇప్పుడు ఈమెకి పెళ్ళి కుదిరింది. మారుతండ్రి ఆమెని అక్క పడుకున్న గదిలోకి మార్చాడు. రాత్రి అక్క విన్నట్టే ఈల వినిపించింది. హోమ్స్ ఆమె గ్లౌజులో రైలు టిక్కెట్టు ముక్క, ఎడమ చేతి బట్ట మీద తాజా బురద చుక్కలు చూసి, ఏ బండిలో ఎలా వచ్చిందో చెప్పేస్తాడు. తరువాత ఆమె మణికట్టు చూస్తాడు. అక్కడ ఐదు వేళ్ళ గుర్తులు కమిలిపోయి ఉంటాయి. "నువ్వు ఆయన్ని కాపాడుతున్నావు" అన్న భావంతో మాట్లాడతాడు. ఆమె చెయ్యి దాచుకుని, ఆయనకి తన బలం తనకి తెలియదని సర్ది చెబుతుంది. ఇక్కడ నేను పుస్తకం మూసి కొంచెంసేపు కూర్చున్నాను. ఇలా చెయ్యి దాచుకోవడం మనం చూడనిది కాదు.

ఆమె వెళ్ళిపోయాక ఆ మారుతండ్రి వచ్చి, బెదిరించడానికి పొయ్యి దగ్గరి ఇనుప ఊచని వంచి పారేసిపోతాడు. అతను పోయాక హోమ్స్ దాన్ని తీసి మళ్ళీ తిన్నగా చేస్తాడు. అతని ముందు చెయ్యడు, పోయాక చేస్తాడు, చూశారా. సరే, చివరికి తేలేది ఏమిటంటే, ఆ మారుతండ్రి కన్నం గుండా పక్క గదిలోకి పామును పంపుతాడు. దానికి పాలు పోసి పెంచుతాడు, ఈల వేస్తే వెనక్కి వస్తుంది. ఇండియా నుంచి తెచ్చిన పామట! మా నాయన వింటే పడీ పడీ నవ్వుతాడు. పాముకి పాలు తిండి కాదు, బయట చెవులు లేవు, కుక్క లాగా ఈలకి తోక ఊపుకుంటూ రాదు. ఆ ఇంటి తోటలో ఇండియా నుంచి వచ్చిన బబూన్ కోతి కూడా ఉందని రాశారు. బబూన్ మన దేశంలో లేదు, అది ఆఫ్రికా, అరేబియా జంతువు. అంటే పొడుపు కథ విప్పిన తీరే తప్పు. అయినా ఈ కథనే డాయల్ గారు 1927లో తన కథలన్నిటిలో మొదటి స్థానంలో పెట్టారు, పాఠకులు కూడా బాగా ఇష్టపడ్డారు. పాము తప్పయినా పరవాలేదు, ఎందుకంటే మనం చదివేది పాము కోసం కాదు. ఆ చీకటి గదిలో దీపం ఆర్పేసి హోమ్స్, వాట్సన్ హెలెన్ బదులుగా కూర్చున్నారే, దాని కోసం.

వేసవి సెలవుల్లో తునికాకు కోతకి పోయినప్పుడు మా అమ్మకి ఈ కథలు కోయలో చెప్పాను. కట్టలు కడుతూ వినేది. మా అమ్మ ఎప్పుడూ చంపింది ఎవరని అడగలేదు. మర్నాడు పొద్దున అడిగింది, "ఆ డాక్టర్ బాబు భుజం గాయం తగ్గిందా?" అని. మొదటి పుస్తకంలో వాట్సన్‌కి తుపాకి గుండు భుజానికి తగిలిందని ఉంటుంది. రెండో పుస్తకంలో కాలికి తగిలిందని ఉంటుంది! డాయల్ గారు మర్చిపోయారు. ప్రపంచంలో చాలామంది పాఠకులు దీన్ని పట్టుకున్నారు, దీని మీద వాదించుకున్నారు కూడా. అమ్మకి చెబితే, "ముసలితనం వస్తుంటే నొప్పి కిందికి దిగుద్దిలే" అంది. పుస్తకంలో మనిషి గాయం ఎలా ఉందని అడిగే పాఠకురాలు, అక్షరం రాకపోయినా, మంచి పాఠకురాలే అని నేను అంటాను.

ఇలా మనుషుల్లో కలిసిపోయిన పాత్రని చంపితే ఏమవుతుందో డాయల్ గారికే తెలిసింది. ఆయనకి చరిత్ర నవలలు రాయాలని కోరిక. హోమ్స్ వల్ల తీరిక దొరకడం లేదని విసుగు పుట్టింది. 1891లోనే చంపేస్తానంటే వాళ్ళ అమ్మ వద్దని ఉత్తరం రాసింది. రెండేళ్ళు ఆగారు. 1893 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లో రైకెన్‌బాక్ జలపాతంలో మోరియార్టీ అనే శత్రువుతో పాటు హోమ్స్‌ని పడేసి చంపేశారు. జనం ఊరుకోలేదు. తిడుతూ ఉత్తరాలు రాశారు, వేలమంది పత్రిక చందా మానేశారు. లేని మనిషి చనిపోయాడని ఉన్న మనుషులు ఏడ్చారు. చివరికి 1903లో అతను జలపాతంలో పడలేదు, తప్పించుకున్నాడు అని మళ్ళీ తీసుకురావలసి వచ్చింది. 1927 దాకా రాస్తూనే ఉన్నారు. మొత్తం 4 నవలలు, 56 కథలు. ఆ రోజుల్లో బేకర్ స్ట్రీట్‌లో 221 నంబరు ఇల్లే లేదు. తరువాత వీధి పొడిగించి నంబర్లు మార్చాక ఆ నంబరు ఒక ఆఫీసుకి వచ్చింది. హోమ్స్ పేరున ఎన్ని ఉత్తరాలు వచ్చేవంటే, జవాబులు రాయడానికి ఆ ఆఫీసు వాళ్ళు ఒక మనిషిని పెట్టుకున్నారు.

ఇప్పటిదాకా మెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు కష్టం కలిగించిన సంగతి రాస్తాను. ఇది రాయకపోతే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది.

1890లో వచ్చిన రెండో నవలలో, ది సైన్ ఆఫ్ ఫోర్ దాని పేరు, టోంగా అని ఒకతను ఉంటాడు. అండమాన్ దీవుల ఆదివాసి. పొట్టిగా, నల్లగా, భయంకరంగా, మృగంలా ఉన్నాడని రాశారు. హోమ్స్ ఒక పెద్ద పుస్తకం తీసి అండమాన్ ఆదివాసులు మనుషుల్ని తింటారని చదివి వినిపిస్తాడు. వాట్సన్ ఈసారి "అది నీకెలా తెలిసింది?" అని అడగడు. టోంగా గొట్టంతో విషపు ముల్లు ఊదుతాడు. నిజానికి అండమాన్ వాళ్ళు మనుషుల్ని తినేవాళ్ళు కారు, వాళ్ళ ఆయుధం విల్లు, బాణం. గొట్టంతో ఊదే ముళ్ళు వాళ్ళవి కావు. టోంగా జబ్బుపడితే ఒక తెల్ల ఖైదీ కాపాడాడు, ఆ కృతజ్ఞతతో అతని వెంట సముద్రం దాటి వచ్చాడు. అంత మంచి మనసు ఉన్నవాడు అతను ఒక్కడే ఆ పుస్తకంలో. చివరికి హోమ్స్, వాట్సన్ ఇద్దరూ ఒకేసారి కాలిస్తే థేమ్స్ నదిలో పడిపోతాడు. ఎవరూ ఏడవరు. అతని కథ అతన్ని చెప్పనివ్వరు.

నాలుగు రోజులు ఆ పుస్తకం ట్రంకు పెట్టె అడుగున పెట్టేశాను. హోమ్స్ మా ఇంటికి వచ్చి, మా తాతని చూసి, పుస్తకం తీసి చదువుతాడేమో అనిపించింది. మా తాత కూడా అడుగు జాడ చూసి అడవి పంది ఎప్పుడు పోయిందో, పిల్లలున్నాయో లేదో చెబుతాడు. ఇద్దరికీ ఒకే విద్య. అయినా ఆ పుస్తకంలో మా తాత ఉంటే అతన్ని కూడా టోంగా లాగానే రాసేవాళ్ళు.

ఈ సంగతి సైన్స్ మేడంని అడిగాను. ఆ రోజుల్లో ఇంగ్లీషు వాళ్ళు అలాగే అనుకునేవారు, తెలిసి చదవాలి అన్నారు. నేను ఆలోచించింది వేరే. తెలియని మనిషి తప్పు మాట అంటే మనం లేచి వచ్చేస్తాం. బాగా దగ్గరి చుట్టం అంటే కూర్చుని పోట్లాడతాం. నేను హోమ్స్‌తో పోట్లాడాను. ఆ పేజీ పక్కన "ఇది తప్పు" అని చిన్నగా రాద్దామనుకున్నాను గాని లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదు గనక నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఐదో రోజు మళ్ళీ తీసి చదివాను.

ఇలాంటి సిరీస్‌లు ఇంకా ఉన్నాయి. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారు డిటెక్టివ్ యుగంధర్‌ని, అతని అసిస్టెంట్ రాజుని పెట్టి చాలా నవలలు రాశారు. మధుబాబు గారి షాడో ఉన్నాడు, కాని అతను ఆలోచించడం కన్నా కొట్టడం ఎక్కువ, నాకు అంతగా నచ్చలేదు. నచ్చినవాళ్ళు వచ్చే నెల రాయండి. బెంగాలీలో సత్యజిత్ రాయ్ గారు 1965 నుంచి ఫెలూదా కథలు రాశారు. వాటిని చెప్పేది అతని తమ్ముడి వరస తోప్‌షే, మొదటి కథలో పదమూడున్నర ఏళ్ళు, మన వయసే. అయితే ఆ కథల్లో ఆడపిల్లలు వెతికినా కనిపించరట. మేడం చెప్పినవాటిలో నాకు చదవాలని ఉన్నది అగాథా క్రిస్టీ రాసిన మిస్ మార్పుల్. పెళ్ళి కాని ముసలామె, చిన్న పల్లెటూరు, అల్లిక అల్లుకుంటూ కూర్చుంటుంది. ఎవరూ లెక్కచెయ్యరు. ఏ హత్య జరిగినా, "ఇతను మా ఊళ్ళో ఫలానా అబ్బాయి లాగా ఉన్నాడే" అని పోల్చి దొంగని పట్టేస్తుంది. ఆమె మీద 12 నవలలు ఉన్నాయి. ఊళ్ళో మనుషుల్ని చూసి ప్రపంచాన్ని లెక్క కట్టడం మా నాయనమ్మ కూడా చేస్తుంది. మన గూడెంలో ఒక ముసలమ్మ డిటెక్టివ్‌గా ఉన్న సిరీస్ ఎవరైనా రాస్తే బాగుండును. ఆమెకి అసిస్టెంటుగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఉండాలి. రాసేదీ ఆ అమ్మాయే.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. ఇలాంటి పుస్తకాలు చదివితే పిల్లలు చెడిపోతారని, చదువు పాడవుతుందని కొందరు పెద్దలు అంటారు. లైబ్రరీ బీరువా శనివారం ఒక్క పీరియడ్ మాత్రమే తెరుస్తున్నారు. అందులో పుస్తకం వెతుక్కునేసరికే గంట కొడతారు. ఆదివారం బట్టలు ఉతుక్కున్న తరువాత రెండు గంటలు తెరిపించగలరా? రిజిస్టర్ రాసే పని మేము ముగ్గురం చూసుకుంటాం, తాళం చెవి మళ్ళీ మీ చేతికే ఇస్తాం.

మొదలుపెట్టేవాళ్ళు మచ్చల పట్టీ ఉన్న పుస్తకంతో మొదలుపెట్టండి, పచ్చ అట్ట. పెద్ద నవలలు తరువాత. ఆ పచ్చ అట్ట పుస్తకం ఇప్పుడు ఎనిమిదో తరగతి వాళ్ళ దగ్గర ఉంది, వాళ్ళ తరువాత ఏడో తరగతి ఇద్దరు పేర్లు ఇచ్చారు. మధ్యలో ఊడిపోయిన నాలుగు పేజీలు అన్నం మెతుకులతో అంటించాను, ఇంకా పూర్తిగా ఆరలేదు, మెల్లగా తిప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని